కార్బన్ చక్రాల సంగతి తర్వాత, ముందు టైర్లు చూడండి

మీరు అడిగింది ఇది: తేలికపాటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొని ఆరు నెలలైంది, బరువు 18 కిలోలు, బ్యాటరీ 360 వాట్ అవర్లు. కార్బన్ చక్రాలు, తేలిక టైర్లు వేసి ఒక కిలో తగ్గిస్తే బ్యాటరీ ఇంకాస్త దూరం వస్తుందా? స్పీడు పరిమితి తీసేసే చిప్ పెట్టొచ్చా? చిప్ గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాను. ముందు బరువు సంగతి.

నాదీ ఇంచుమించు మీలాంటి బండే. 50 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం (టార్క్) ఉన్న మోటారు, ముందూ వెనకా 150 మిల్లీమీటర్ల దాకా కుంగే సస్పెన్షన్. మూడేళ్ల నుంచి తొక్కుతున్నాను. కొన్న కొత్తలో నాకూ బరువు పిచ్చి పట్టింది. చిన్న డిజిటల్ త్రాసు తెచ్చుకుని, విప్పిన ప్రతి బోల్టునూ తూచి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. టైటానియం బోల్టులతో 19 గ్రాములు తగ్గిన రోజు ఇంట్లో అందరికీ చెప్పాను, ఒక్కరూ తల ఎత్తలేదు. అలా మొదటి ఏడాదిలో 700 గ్రాములు తగ్గించాను. తర్వాతి రెండేళ్లలో 1,100 గ్రాములు పెంచాను. అంటే ఇప్పుడు నా బండి కొన్ననాటి కంటే 400 గ్రాములు బరువు. ఇంత బాగా అది ముందెప్పుడూ నడవలేదు.

ఎందుకో లెక్క వేసి చూడండి. మీరూ, బండీ, నీళ్లూ, సంచీ అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. ఆ 100 కిలోలను 1000 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 272 వాట్ అవర్లు. అందులో కొంత మీ కాళ్లు ఇస్తాయి, కొంత మోటారు ఇస్తుంది. టైర్ల రాపిడికీ, మోటారు వేడికీ పోయేది వేరే. ఇప్పుడు అందులోంచి ఒక కిలో తీసేయండి. 1000 మీటర్లు ఎక్కితే మిగిలేది 2.7 వాట్ అవర్లు. మీ 360లో ఒక శాతం కూడా కాదు. అదే ఒక కిలో బరువులో, నీళ్ల సీసా పెట్టే చోట బిగించుకునే అదనపు బ్యాటరీ వస్తుంది, 160 వాట్ అవర్లది. టీక్యూ మోటారు బళ్లకీ, స్పెషలైజ్డ్ ఎస్‌ఎల్ బళ్లకీ ఆ సైజువి ఉన్నాయి. కిలో తగ్గిస్తే 2.7, కిలో పెంచితే 160. దూరమే మీ బాధైతే చక్రాల డబ్బు అక్కడ పెట్టండి. పెద్ద రైడ్ ఉన్న రోజు బిగించుకోవచ్చు, మిగతా రోజుల్లో తీసి ఇంట్లో ఉంచొచ్చు. నేనైతే నెలకు రెండుసార్లకు మించి వాడను.

అలాగని తేలికదనానికి విలువ లేదని కాదు. ముందు చక్రం ఎత్తినప్పుడు, వరస మలుపుల్లో బండిని ఇటూ అటూ పడుకోబెట్టినప్పుడు, 24 కిలోల బండికీ 18 కిలోల బండికీ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. అందుకేగా మనం పెద్ద మోటారు వదులుకుని ఇది కొన్నది. కానీ 18కీ 17.3కీ తేడా, నిజం చెప్పాలంటే, నాకు పుస్తకంలో రాసుకున్న అంకె చూస్తేనే తెలిసేది.

ఇక టైర్లు. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. బండితో వచ్చిన టైర్లు తీసేసి, పక్క గోడలు పల్చగా ఉండే రకం వేశాను. రెండిటికీ కలిపి 500 గ్రాములు తగ్గింది, అంటే నేను ఆ ఏడాది తగ్గించిన దాంట్లో ముప్పాతిక వంతుకు దగ్గర. నాలుగో రైడ్‌లో, రాళ్ల దారిలో దిగుతుండగా వెనక టైరు పక్క గోడ వేలెడంత చిరిగింది. లోపలి సీలెంట్ (ట్యూబ్ లేని టైర్లలో రంధ్రాలు పూడ్చడానికి పోసే ద్రవం) అంతా పిచికారీలా నా కాలి మీదే కొట్టింది. రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ టైరు నడిమి భాగంలో అయితే ఆగుతుంది, పక్క గోడ చీలికలో ఆగదు. ట్యూబ్ వేశాను, అర కిలోమీటరు పోయాక అదీ రాయి మీద పడి రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పగిలింది. వాక్ మోడ్ (బండిని తోసుకుంటూ నడిచేటప్పుడు మోటారు సాయం చేసేది) నొక్కుకుంటూ తొమ్మిది కిలోమీటర్లు నడిచాను. ఆ మోడ్ ఉన్నది ఇందుకేనని ఆరోజే అర్థమైంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది: ముందు టైరుకు మెత్తటి రబ్బరు, వెనక టైరుకు మందమైన గోడ. మ్యాక్సిస్ టైర్ల కంపెనీ భాషలో చెప్పాలంటే ముందు అసెగాయ్, మ్యాక్స్‌గ్రిప్ రబ్బరుతో, ఎక్సో ప్లస్ గోడతో. వెనక మినియన్ డీహెచ్ఆర్ టూ, మ్యాక్స్‌టెర్రా రబ్బరుతో, డబుల్‌డౌన్ గోడతో. వేరే కంపెనీల్లోనూ ఇలాంటి జతలే దొరుకుతాయి, పేర్లు మారతాయి అంతే. మెత్తటి రబ్బరు వెనక వేయొద్దు. వెనక చక్రం మీదే బరువెక్కువ, మోటారు తోసేదీ దాన్నే. అక్కడ మెత్తటి రబ్బరు అంటుకుపోయినట్టు లాగుతుంది, త్వరగా అరుగుతుంది కూడా. ఒక నెల వేసి చూశాను, రోజూ తొక్కే దారిలోనే బ్యాటరీ గీతలు ముందే పడిపోవడం కనిపించింది. కిలో బరువు చేయని నష్టం అది చేసింది.

గాలి విషయంలో బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మానేసి చిన్న డిజిటల్ గేజి కొనండి. ఒళ్లు 75 కిలోలున్న నేను ముందు 21, వెనక 24 పీఎస్ఐ పెడతాను. మీరు అక్కడ మొదలుపెట్టి ఒక్కొక్క పీఎస్ఐ మారుస్తూ ఒకే దారిలో తొక్కి చూడండి. ఒక్క పీఎస్ఐ ఏం తేడా చేస్తుందిలే అనుకునేవాణ్ణి. చేస్తుంది.

బ్రేకులు. చాలా తేలిక బళ్లకు కంపెనీవాళ్లు వెనక 180 మిల్లీమీటర్ల రోటార్ (బ్రేకు డిస్కు) పెడతారు, త్రాసు మీద అంకె బాగుండాలి కదా. పొడవాటి దిగుడులో లీవర్ మెల్లగా మెత్తబడి, వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైతే ఆ రోటార్ చాలట్లేదని అర్థం. నేను రెండు వైపులా 200కి మార్చాను. మార్చే ముందు ఫ్రేము ఎంత రోటార్ దాకా ఒప్పుకుంటుందో చూసుకోండి, అది దాటకూడదు. 200, 203 ఒకటే అనుకుని అడాప్టర్ కొనకండి. షిమానో వాళ్లది 203, శ్రామ్ వాళ్లది 200, కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) ఎత్తులో మిల్లీమీటరున్నర తేడా వస్తుంది. ప్యాడ్ అంచు రోటార్ మీద సరిగ్గా కూర్చోదు.

ఇంకొక తిప్పలు, ఇది ఎలక్ట్రిక్ బళ్లకే ప్రత్యేకం. వెనక రోటార్ మార్చి సంబరంగా ఎక్కితే స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చి మోటారు సాయం ఆగిపోయింది. రెండు సాయంత్రాలు వైర్లు వెతికాను. విషయమేంటంటే, స్పీడు సెన్సార్ చదివే అయస్కాంతం పాత రోటార్‌లోనే ఉంది, కొత్తదానికి లేదు. కొన్ని బళ్లలో అది రోటార్ బిగించే లాక్‌రింగ్‌లో ఉంటుంది, కొన్నిట్లో చువ్వకో వాల్వుకో తగిలించి ఉంటుంది. పాతది విప్పే ముందే చూసుకోండి. ఇంకో మాట, బ్రేకు ఆయిల్ కలగాపులగం చేయొద్దు. షిమానోకి మినరల్ ఆయిల్, శ్రామ్ కోడ్ రకం బ్రేకులకి డాట్ ఫ్లూయిడ్. ఒకదాన్లో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. కొత్త రోటార్, ప్యాడ్లు వేశాక ఇరవైసార్లు వేగం అందుకుని, చక్రం ఆగిపోనివ్వకుండా నడక వేగం దాకా తగ్గించండి. ఇది చేయకుండా నేరుగా కొండెక్కి, దిగేటప్పుడు బ్రేకులు కీచుమంటున్నాయని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

పైసా ఖర్చు లేని మార్పు ఒకటుంది, దాన్ని ఎవరూ మార్పు కింద లెక్కెయ్యరు. మోటారు యాప్. చాలా సిస్టమ్‌లలో ప్రతి మోడ్‌కీ సాయం శాతమూ, గరిష్ఠ వాట్లూ విడివిడిగా మార్చుకోవచ్చు. నేను మధ్య మోడ్‌లో సాయం శాతం అలాగే ఉంచి, గరిష్ఠ వాట్లు మాత్రం దించాను. మామూలు మిట్టల మీద తేడా తెలియదు, ఆవేశపడి తొక్కినప్పుడు బ్యాటరీ గుటగుటా తాగడం ఆగింది.

దీనితో ముడిపడిందే క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ), ముందు పళ్ల చక్రం. చిన్న మోటార్లు నెమ్మదిగా తొక్కితే పూర్తి శక్తి ఇవ్వలేవు, ఇది ఒంటికి పట్టించుకోవాలి. 50 న్యూటన్ మీటర్ల మోటారు, నిమిషానికి 40 చుట్లు తొక్కేవాడికి ఎంత బతిమాలినా 210 వాట్లకు మించి ఇవ్వలేదు. 60 చుట్లు తొక్కితే ఆ లెక్క 300 దాటుతుంది. బాష్ ఎస్‌ఎక్స్ మోటారు అయితే మరీను, దాని టార్క్ ఇంచుమించు ఇంతే అయినా 600 వాట్ల దాకా ఇస్తుంది, కాకపోతే కాళ్లు గిరగిరా తిరగాలి. నేను ముందు పళ్ల చక్రం 34 నుంచి 30కి దించాను. వెనక పెద్ద చక్రం 52 పళ్లది. ఇప్పుడు నిటారు మిట్ట మీద గంటకు ఐదున్నర కిలోమీటర్ల వేగంతో పోతున్నా నిమిషానికి 70 చుట్లు తొక్కగలుగుతున్నాను. మోటారు గొణుగుడు తగ్గింది, నా మోకాలి నొప్పీ తగ్గింది. పళ్ల చక్రం మీ మోటారుకు తగినదే కొనండి, చైను వరస తప్పకూడదు. చైనులోంచి ఒక జత లింకులు తీయాల్సి రావచ్చు. క్రాంక్ పొడవు 165 నుంచి 155 మిల్లీమీటర్లకు తగ్గించాను. రాళ్లకు పెడల్ తగలడం సగానికి సగం తగ్గిపోయింది. క్రాంక్ తగ్గించినంత మేర సీటు పైకి లేపాలి, అది మర్చిపోతే వారం తిరక్కుండా మోకాళ్లు గుర్తుచేస్తాయి.

సస్పెన్షన్ దగ్గర ఏదీ కొనకండి, ముందు సరిగ్గా అమర్చుకోండి. పూర్తి సరంజామాతో ఎక్కి నిలబడితే ముందు 20 శాతం, వెనక 28 శాతం దాకా కుంగాలి. తరచూ అడుగంటా కొట్టుకుంటుంటే గాలి పెంచకుండా లోపల ఒక స్పేసర్ (గాలి ఉండే చోటు తగ్గించే ముక్క) వేసి చూడండి. నేను తొందరపడి ఫోర్కు, అంటే ముందు సస్పెన్షన్, 150 నుంచి 160 చేశాను. పది మిల్లీమీటర్లకు ఫోర్కు కోణం సుమారు అర డిగ్రీ వాలింది. దిగుడులో హాయి, కానీ నిటారు మిట్టల్లో ముందు చక్రం దారి వదిలి తేలిపోయేది. హ్యాండిల్ కింది స్పేసర్లు తీసి కిందకు దించాక కొంత సర్దుకుంది. మళ్లీ చేయమంటే చేయను.

హ్యాండిల్‌బార్ వెడల్పు తగ్గించాలనుకుంటే కోసేముందు గ్రిప్పులూ లీవర్లూ లోపలికి జరిపి వారం రోజులు తొక్కండి. కోశాక అతికించలేం. కార్బన్‌దైతే తడిపి, సన్న పళ్ల రంపంతో కోయండి, ముక్కుకు మాస్క్ కట్టుకోండి. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ తప్పనిసరి.

వెనక 27.5 అంగుళాల చక్రం వేసే ఆలోచన ఉంటే, ఫ్రేములో దానికోసం తిప్పి బిగించే ముక్క (ఫ్లిప్ చిప్ అంటారు, మీరడిగిన స్పీడు చిప్ కాదు) ఉందా లేదా చూడండి. లేకపోతే పెడల్ మరీ కిందకొచ్చి ప్రతి రాయినీ పలకరిస్తుంది. చక్రం చుట్టుకొలత సిస్టమ్‌లో మార్చాలి కూడా, కొన్నిట్లో అది డీలర్ దగ్గరే అవుతుంది.

అందం సంగతా? నారింజ రంగు పెడళ్లు నావి, అడగొద్దు. కానీ ఫ్రేముకు రక్షణ ఫిల్మ్ మాత్రం వేయించండి, లేదా సబ్బు నీళ్లూ హెయిర్ డ్రయ్యరూ పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చుని మీరే వేసుకోండి. కార్బన్ మీద రాయి గీత పడితే అది గీతా, పగులా అని నిద్రపట్టదు.

కార్బన్ చక్రాలు చెడ్డవని నేననను. రిమ్ము అంచున బరువు తగ్గితే బండి వేగం అందుకోవడంలో కొంత చురుకు వస్తుంది, అది నేనూ గమనించాను, స్నేహితుడి బండి తొక్కినప్పుడు. కాకపోతే అల్యూమినియం రిమ్ము సొట్టపడితే ప్లయర్‌తో కాస్త సరిచేసి ఇంటికి రావచ్చు, కార్బన్ రిమ్ము పగిలితే ఆ వీలు లేదు. మిగతావన్నీ అయ్యాక డబ్బు మిగిలితే వేయించుకోండి.

ఇక మీరడిగిన స్పీడు చిప్. వద్దు. యూరప్‌లో గంటకు 25 కిలోమీటర్ల వరకే సాయం ఉండాలన్నది చట్టం. చిప్ పెడితే అది సైకిలు కింద లెక్క రాదు, వారంటీ పోతుంది, కొన్ని మోటార్లు ఆ మార్పును కనిపెట్టి తామే సాయం తగ్గించేస్తాయి. చట్టం మాట అటుంచినా, ఆ పైన వేగం పెరిగేకొద్దీ గాలికే బ్యాటరీ ధారపోయాలి. 360 వాట్ అవర్లతో ఎంతసేపు?

మీ బండి వెనక రోటార్ ఫొటో ఒకటి పెట్టండి, లాక్‌రింగ్ కనిపించేలా దగ్గర్నుంచి. అయస్కాంతం ఎక్కడుందో తెలిస్తే ఏ రోటార్ పడుతుందో చెప్తాను. ప్రస్తుతం వేసిన టైర్ల పక్క గోడ మీద రాసున్నది కూడా రాయండి.