మ్యాపులో కన్యాకుమారి నుంచి కాశ్మీరు, ఫ్లైట్‌లో గంటన్నర!

ప్రశ్న: మా అబ్బాయి నార్వేలో చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికి రమ్మంటే సెలవు లేదన్నాడు, ఇప్పుడేమో స్నేహితులతో ట్రోమ్సో నుంచి లాంగ్‌యర్‌బీయెన్ అనే ఊరికి ఫ్లైట్‌లో వెళ్తాడట. ఫోను మ్యాపులో చూస్తే మధ్యలో అంతా సముద్రమే, మన దేశం పైనుంచి కిందిదాకా ఎంతుందో అంత దూరం. వాడు మాత్రం "గంటన్నరే అమ్మా" అంటాడు. నాకు టెన్షన్ ఎందుకని అబద్ధమాడుతున్నాడా? పగటి ఫ్లైటేనట, అదొక్కటే ధైర్యం.
– ఒక తల్లి, నరసాపురం

జవాబు: అబ్బాయి నిజమే చెప్పాడండీ, అబద్ధమాడింది మ్యాపు. గుండ్రటి భూమిని చదునుగా పరిచేటప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు, 1569లో మెర్కేటర్ అనే మ్యాపుల నిపుణుడు గీసిన పద్ధతిలో ఉత్తరానికి పోయేకొద్దీ సాగుతుంది, మీ ఫోనులోనూ అదే ఉంది. ఆ రెండు ఊళ్ల మధ్య గీత మ్యాపులో నిజంగానే కన్యాకుమారి నుంచి కాశ్మీరు కొసదాకా ఉన్నంత పొడవు కనిపిస్తుంది, మీ కళ్ల తప్పేం లేదు. మనది 3,214 కిలోమీటర్లు, వాళ్లది అందులో మూడో వంతు కూడా లేదు.

మీరే లెక్క కట్టుకోవచ్చు. ట్రోమ్సో 69.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, లాంగ్‌యర్‌బీయెన్ 78.2 మీద. ఎనిమిదిన్నర డిగ్రీల తేడా, డిగ్రీకి 111 కిలోమీటర్లు, కాస్త పడమరకి జరగడం కూడా కలిపితే సుమారు 960. రాజమండ్రి విమానాశ్రయం నుంచి ముంబైకి తిన్నగా గీత గీసినా దాదాపు ఇంతే వస్తుంది. గంటకి 800 కిలోమీటర్ల వేగమంటే గంటా పన్నెండు నిమిషాలు కదా, మరి టికెట్ మీద గంటా నలభై దాకా ఎందుకుంటుందంటారా? సఖినేటిపల్లి పంటు ఎక్కే మీకు వేరే చెప్పాలా, గోదావరి దాటేది కాసేపే, రేవులో పోయే టైమే ఎక్కువ. విమానమూ అంతే, రన్‌వేదాకా పాకాలి, పైకెక్కాలి, నెమ్మదిగా దిగాలి. మంచో పొగమంచో బాగా పట్టేస్తే దిగకుండా వెనక్కి వచ్చేయడమూ ఉంటుంది, అప్పుడు కంగారు పడకండి.

నేనైతే దూరం గురించి కాదు, కాగితాల గురించి అడుగుతాను. లాంగ్‌యర్‌బీయెన్ ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే అయినా, ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల షెంగెన్ పరిధిలోకి రావు. అక్కడ వీసా అడగరు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ట్రోమ్సోలో తనిఖీ ఉంటుంది, పాస్‌పోర్టూ రెసిడెన్స్ కార్డూ జేబులో ఉండాలి. రేపు మీరూ వెళ్లాలనుకుంటే, తిరిగి ట్రోమ్సో రావడం రెండో ప్రవేశం కింద లెక్క కాబట్టి, ఒకటికి మించి ప్రవేశాలున్న టూరిస్టు వీసానే తీసుకోండి. అన్నట్టు, ఆ దీవుల్లోనే నీ ఒలెసున్‌లో మన దేశపు పరిశోధన కేంద్రం 'హిమాద్రి' 2008 నుంచి నడుస్తోంది.

ఇక పగటి ఫ్లైట్ సంగతి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యదాకా అక్కడ సూర్యుడు పొడవడు, నడి చలికాలంలో అయితే మిట్టమధ్యాహ్నం దిగినా చీకట్లోనే. 1975లో ఆ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ ప్రతి శీతాకాలం అలాగే దింపుతున్నారు లెండి. మీరు సంక్రాంతి నాడు ఉత్తరాయణ పుణ్యకాలమని వశిష్ఠ గోదావరిలో మునకేసే వేళకి, వాళ్లకి సూర్యుడు కనబడటానికి ఇంకా నెల ఉంటుంది.