ఓపెన్ టెన్త్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతిలో లెక్కలొక్కటే తప్పాడు. ఓపెన్‌లో కట్టిస్తే సులువుగా గట్టెక్కుతాడని చుట్టాలంటున్నారు. కట్టించమంటారా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: వద్దండీ. సప్లిమెంటరీకి ఫీజు కట్టండి. ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ రావాలంటే ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. పాత మెమోలో పాసైన మార్కుల్ని ఇక్కడికి మార్పించుకునే వీలుంది. దాన్నే టీఓసీ అంటారు. కానీ రెండు సబ్జెక్టులకు మించి మార్చరు. అంటే మీవాడు ఇప్పటికే పాసైనవాటిలో రెండు మాత్రమే నిలుస్తాయి, మరో మూడు పరీక్షలు కొత్తగా రాయాలి. ఒక్క పరీక్షతో పోయేదానికి మూడెందుకు? నాలుగైదు తప్పిన పిల్లలకైతే ఓపెనే నయం. వాళ్లు టీఓసీ సంగతి అడ్మిషన్ దరఖాస్తులోనే రాసి, మెమో జతచేయాలి.

ప్రశ్న: ఎనిమిదిలో చదువు మానేశాను. ఇప్పుడు 32 ఏళ్లు. టీసీ పోయింది. నాకు అవకాశం ఉందా? (ఒక గృహిణి, నంద్యాల)

జవాబు: ఉంది. చేరే ఏడాది ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండితే చాలు, పైవయసుకు హద్దు లేదు. బడి ముఖం చూడనివాళ్లు కూడా పుట్టినతేదీ ధ్రువపత్రంతో నేరుగా పదికి చేరవచ్చు. మీరు చూసుకోవాల్సింది ఇంటిపేరు. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు పడి, పుట్టినతేదీ పత్రంలో పుట్టింటి పేరే ఉంటే, ముందు ఆ రెండూ ఒకటి చేయించుకుని అప్పుడు దరఖాస్తు పెట్టండి. రేపు ఉద్యోగానికైనా పాస్‌పోర్టుకైనా ఈ టెన్త్ మెమోనే చూపిస్తారు. అందులో ఒక్క అక్షరం తప్పు పడినా దిద్దించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగాలి.

తరగతులు స్టడీ సెంటర్‌లో ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది, ఆలోగా 9 సార్లు పరీక్ష రాయవచ్చు. పాసైన సబ్జెక్టు ఎక్కడికీ పోదు. కాబట్టి ఐదూ ఒకేసారి నెత్తినేసుకోనక్కర్లేదు, ఒక విడత రెండు, మరో విడత మూడు రాసినా సరే.

ప్రశ్న: ఓపెన్‌లో లెక్కలు తీసుకోకపోయినా ఫరవాలేదట కదా? (విద్యార్థి, కరీంనగర్)

జవాబు: నిజమే. భాషల్లో ఒకటో రెండో, మిగతావి లెక్కలు, సైన్సు, సోషల్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, హోంసైన్సు, సైకాలజీ లాంటివాటిలోంచి ఎంచుకోవచ్చు. లెక్కలంటే భయమున్నవాళ్లు హోంసైన్సు టిక్కు పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. రెండేళ్లకు పాలిసెట్ రాద్దామనుకున్నప్పుడు అసలు చిక్కు తెలుస్తుంది. పాలిటెక్నిక్‌కు టెన్త్‌లో లెక్కలు పాసై ఉండాల్సిందే. అందుకే ముందు ఏ కోర్సుకు వెళ్తారో తేల్చుకుని, తర్వాతే సబ్జెక్టులు రాయండి. ఉత్తీర్ణతకు మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లలో సబ్జెక్టుకు 35 మార్కులు రావాలి. జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో 33 శాతం.

ప్రశ్న: ఓపెన్ ఇంటర్ ఏడాదిలో పూర్తిచేయిస్తామని ఒకాయన డబ్బడుగుతున్నాడు. నమ్మొచ్చా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: ఇవ్వకండి. ఎన్ఐఓఎస్‌లో టెన్త్ పాసై ఏడాదే అయితే నాలుగు సబ్జెక్టుల వరకే రాయనిస్తారు. ఐదోది రాయాలంటే రెండేళ్లు నిండాలి. ఆయనకెంత పలుకుబడి ఉన్నా ఈ గడువు తగ్గదు.