అల్లుడి జబ్బు సంగతి, నీకు చెప్పాల్సినవి

తల్లీ,

అల్లుడికి వచ్చింది స్కిజోఫ్రీనియా అని, అంటే లేని గొంతులు వినపడే, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు అని డాక్టరు తేల్చారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ పాదం మంచిది కాదని మీ అత్తవాళ్ళ వైపు ఎవరో అన్నారని కూడా విన్నాను. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. ఈ జబ్బు 100 మందిలో దాదాపు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువమందికి 18కీ 35కీ మధ్య బయటపడుతుంది. మన ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు జరిగేదీ ఆ వయసులోనే. అందుకే కోడలు రావడానికీ జబ్బు రావడానికీ ముడిపెడతారు. మీ పెదనాన్న జబ్బు పడ్డప్పుడు నన్నూ అదే అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. అల్లుడి భయంతో వాదం పెట్టుకోకు. చెవిలో ఎవరో తిడుతున్నారనో, అన్నంలో ఏదో కలిపారనో అంటే 'అంతా నీ భ్రమ' అని కొట్టిపారెయ్యకు. 'అవును నిజమే' అని వంత పాడకు. 'నాకైతే వినపడలేదు, మీకు భయంగా ఉందని మాత్రం తెలుస్తోంది, ఇక్కడే కూర్చుంటాను' అని చెప్పు. ఆ మాట గొంతులను ఆపదు కానీ ఆయనకు నీ మీద నమ్మకం చెడదు. రేపు మాత్ర చేతికిస్తే మింగాలన్నా ఆ నమ్మకమే కావాలి.

మాత్రలను చారులోనో మజ్జిగలోనో కలిపి పెట్టమని చాలామంది చెబుతారు. వద్దమ్మా. తెలిసిన రోజున ఆ చేతి అన్నమే తినడు, అసలే అనుమానంతో ఉన్న మనిషి. ససేమిరా మింగనంటే డాక్టరుతో చెప్పు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. మందు మొదలుపెట్టాక ముందు నిద్ర, ఆవేశం దారికొస్తాయి. గొంతులు తగ్గడానికి వారాలు పడుతుంది. ఈలోగా 'మందు పనిచెయ్యట్లేదు' అని మానిపించే చుట్టాలు వస్తారు. తర్వాత బాగైపోయాడు కదా అని మానిపించేవాళ్ళూ వస్తారు. రెండోవాళ్ళతోనే ఎక్కువ ప్రమాదం. బాగున్నది మందు వల్ల. డాక్టరు తగ్గించమనేదాకా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు.

ఈ మందులతో చేతులు వణకడం, చొంగ కారడం, మత్తు, బరువు పెరగడం ఉండొచ్చు. భార్యాభర్తల మధ్య దగ్గరితనం తగ్గిందని మగవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక మాత్రలు పారేస్తుంటారు. సిగ్గుపడకుండా ఆ విషయం డాక్టరుకు నువ్వే చెప్పు, మందు మారుస్తారు, లేదా మోతాదు సరిచేస్తారు. ఒళ్ళు కర్రలా బిగుసుకుని తీవ్రమైన జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

మీ అత్త దర్గాకో గుడికో తీసుకెళ్తానంటే గొడవ పడకు. దండం పెట్టుకుని రానీ, మాత్రలు సంచిలో పెట్టి పంపు. కట్టేసి ఉంచే చోట వదిలి రావడానికి మాత్రం ఒప్పుకోకు. తమిళనాడు ఎర్వాడిలో 2001 ఆగస్టులో ఒక షెడ్డు తగలబడి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. నాకు ఇప్పటికీ ఆ వార్త తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇంట్లో కట్టేసినా తప్పే.

ఇంట్లో శెనక్కాయ పంటకని తెచ్చిన పురుగుమందు ఉంటే ఈరోజే వేరే ఇంటికి పంపించెయ్. ఈ జబ్బులో చావు ఆలోచనలు వస్తాయి, చేతికందే డబ్బా ఉండకూడదు. 'నేనుండి ఏం లాభం' అనే మాట వింటే తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా డబ్బు కట్టక్కర్లేదు. ఆయన నీ మీదికో పిల్లల మీదికో వస్తే మాత్రం ముందు పిల్లలను తీసుకుని బయటికి వచ్చెయ్. జబ్బు మనిషి కదా అని దెబ్బలు తింటూ కూర్చోవద్దు.

ఎత్తిపొడుపులు, అరుపులు, పక్కన కూర్చుని ప్రతిదానికీ 'అది చెయ్యి, ఇది వద్దు' అనడం ఎక్కువైన ఇళ్ళలో జబ్బు త్వరగా తిరగబెడుతుందని మా డాక్టరు చెప్పేవారు. పొద్దున స్నానం చెయ్యకపోతే అది బద్ధకం అనుకోకు, అదీ జబ్బులో భాగమే. చిన్న పని అప్పగించు. గొడ్లకు నీళ్ళు పెట్టడం చాలు మొదట. పని చేశాక వంకలు పెట్టకుండా చూడు. గంజాయి, సారా జోలికి పోనివ్వకు. నిద్ర తగ్గి, తలుపులు మూసుకోవడం మొదలైతే తర్వాతి తేదీ దాకా ఆగక ముందే చూపించు.

ఆసుపత్రి చీటీలు ఒక్కటీ పారెయ్యకు. వైకల్యం ఎంతుందో చెప్పే సదరం సర్టిఫికెట్‌కి అవే ఆధారం. ఆ సర్టిఫికెట్ పరీక్ష రోజు డాక్టర్లు తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, పనీపాటా, ఎన్నాళ్ళుగా జబ్బు ఉందనేది చూస్తారు. పరువు కోసం 'అన్నీ బాగానే చేసుకుంటాడు' అని చెప్పేవాళ్ళు చాలామంది. నువ్వు చెడ్డ రోజులు ఎలా ఉంటాయో ఉన్నదున్నట్టు చెప్పు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని రాస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సదరం పరీక్షకు స్లాట్ సంగతి సచివాలయంలో అడుగు. కాగితం తీసుకుంటే పిచ్చివాడని ముద్ర పడుతుందని మీ మామగారికి భయం ఉండొచ్చు. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టావంటే ఆయనే మెత్తబడతారు.

పెద్దపిల్లకు కూడా చెప్పు. నాన్నకు జబ్బు చేసింది, అది నీ వల్ల రాలేదు అని ఆ మాటలతోనే చెప్పు. పిల్లలకు ఎవరూ చెప్పకపోతే తమ తప్పే అనుకుంటారు.

వచ్చేసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పిల్లలిద్దరినీ నా దగ్గర వదులు. తిరిగొచ్చాక వెంటనే తీసుకెళ్ళొద్దు, ఒక పూట నువ్వు కూడా ఇక్కడ పడుకో. మీ పెదనాన్న అల్లుడితో మాట్లాడతానంటున్నారు.

మీ పెద్దమ్మ