వంటింటి సందేహాలు: గువామ్ అరటిపండు బొన్యెలోస్

ప్రశ్న: గువామ్‌లో చేసే 'బొన్యెలోస్ అగా'ను డోనట్ అంటారు కదా, మరి మధ్యలో చిల్లు ఉండదేం?

జవాబు: అది చేత్తో నూనెలోకి వదిలే ఉండ. అందుకే చిల్లు ఉండదు. పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్‌లోనూ, మిగతా మరియానా దీవుల్లోనూ ఉండే చమోరోల వంటకం ఇది. గువామ్ 1898 వరకు స్పెయిన్ చేతిలో ఉంది. 'బొన్యెలోస్' అనే మాట స్పానిష్ 'బున్యుయెలో' నుంచి వచ్చింది. 'అగా' అంటే చమోరో భాషలో మాగిన అరటిపండు. చివరి అచ్చును సాగదీయకుండా గొంతులోనే టక్కున ఆపి పలుకుతారు. పెండలం తురిమి చేసే 'బొన్యెలోస్ దాగు' క్రిస్మస్ రోజుల్లోది, దాన్ని పాకంతో తింటారు. అరటిపండువాటికి పాకం అక్కర్లేదు, తీపి పండులోనే ఉంటుంది.

ప్రశ్న: కచ్చితమైన కొలతలు ఇవ్వండి. రెండుసార్లు చేస్తే ఒకసారి పిండి గట్టిగా, ఒకసారి జారుగా వచ్చింది.

జవాబు: కొలత మారలేదు, పండు మారింది. ఈ పిండిలో నీళ్ళు పోయం, పాలు పోయం. తడి అంతా అరటిపండుదే. పండు ఎంత మాగితే గుజ్జు అంత పలచబడుతుంది. కాబట్టి పండ్లను లెక్కపెట్టకండి, తొక్క తీసి గుజ్జును తూచండి.

గుజ్జు 450 గ్రాములు (మధ్యరకం పండ్లు నాలుగైదు), పంచదార 120 గ్రాములు, మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, ఉప్పు పావు టీస్పూను, వెనిలా ఒక టీస్పూను. ఇంకో 50 గ్రాముల మైదా పక్కన ఉంచుకోండి. ముప్పై ఉండల దాకా వస్తాయి.

పండ్లను ఫోర్కుతో మెదపండి. మిక్సీలో వేస్తే గుజ్జు మరీ నీరుగా అవుతుంది, పైగా అక్కడక్కడా తగిలే అరటి ముక్కలు పోతాయి. పంచదార, ఉప్పు, వెనిలా కలిపి అయిదు నిమిషాలు ఆగండి. పంచదార కరుగుతూ గుజ్జును ఇంకా వదులు చేస్తుంది. ఈలోపే మైదా వేస్తే, తర్వాత గిన్నెలో పిండి జారిపోయి మళ్ళీ మైదా వెతుక్కోవాల్సి వస్తుంది. మైదాలో బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి వేసి, పొడి కనపడనంత వరకే కలపండి. ఎక్కువ కలిపితే జిగురు సాగి ఉండలు రబ్బరులా వస్తాయి. పది నిమిషాలు నాననిచ్చి గరిటెతో ఎత్తి చూడండి: ధారగా కారకూడదు, ముద్దగా అంటుకుపోనూ కూడదు, బరువుగా ఒక్కసారి 'తప్' మని పడాలి. కారుతుంటే పక్కన ఉంచిన మైదాను చెంచా చెంచాగా చేర్చండి.

ప్రశ్న: పైన నల్లబడ్డాయి, లోపల పచ్చి పిండి. మంట తగ్గిస్తే నూనె పీల్చాయి. ఏం చేయాలి?

జవాబు: రెండూ నూనె వేడి తప్పులే. 170 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గుజ్జులో తీపి ఎక్కువ కాబట్టి 190 దాటితే పైభాగం త్వరగా మాడుతుంది. వేడి లోపలికి చేరే సమయం ఉండదు. 150 దగ్గర పైన పొర గట్టిపడటం ఆలస్యమై నూనె లోపలికి పోతుంది. థర్మామీటరు లేకపోతే చిటికెడు పిండి వేయండి: మునిగి, వెంటనే బుడగలతో పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే వేడి చాలదు, పడీపడగానే రంగు తిరిగితే వేడి ఎక్కువైంది.

నూనె కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు ఉండాలి. లేకపోతే ఉండ అడుగున ఆని చదునైపోతుంది. ఒక విడతకు ఏడెనిమిది మించి వేయకండి, ఒక్కసారిగా వేడి పడిపోతుంది. ఉండ పెద్ద నిమ్మకాయను మించకూడదు. నాలుగు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. చాలావరకు అవే తిరగబడతాయి, మిగిలినవాటిని చిల్లుల గరిటెతో తిప్పండి. బంగారు రంగు దగ్గర తీసేయడం తొందరపాటు. ఇవి ముదురు గోధుమరంగులోనే బాగుంటాయి. మొదటి విడతలో ఒకటి చీల్చి చూశాకే రెండోది వేయండి.

ప్రశ్న: చేత్తో వేస్తే తోకలు వస్తున్నాయి. చెంచాతో వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే చేతిపద్ధతే గుండ్రంగా వస్తుంది. పిండిని గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలు చూపుడువేలు కలిసే చోటునుంచి పైకి వచ్చేలా పిసకండి. ఉండ పైకి ఉబ్బగానే బొటనవేలితో తెంచి నూనెకు దగ్గరగా జారవిడవండి, ఎత్తునుంచి వేస్తే చిందుతుంది. చేతికి అంటకుండా నీళ్ళలో ముంచుతారు కొందరు. ముంచితే చుక్క మిగలకుండా విదల్చండి. కాగే నూనెలో నీళ్ళచుక్క ప్రమాదం, అరచేతికి కాస్త నూనె రాసుకోవడం మేలు. తోకలు మరీ పొడవైతే పిండి పలచగా ఉన్నట్టే. చిన్న తోకలు తప్పేమీ కాదు, కరకరలాడేది ముందు అవే.

ప్రశ్న: పండ్లు మాగలేదని ఫ్రిజ్‌లో పెట్టాను. తొక్క నల్లబడింది, రుచి మాత్రం రాలేదు.

జవాబు: చలికి తొక్క నల్లబడుతుందే గాని లోపలి పిండిపదార్థం చక్కెరగా మారదు. చలి ఆ మార్పును ఆపేస్తుంది. బయటే కాగితపు సంచిలో ఆపిల్ పక్కన ఉంచండి, మచ్చలు నల్లగా కలిసిపోయి వేలితో నొక్కితే మెత్తగా దిగేదాకా. అప్పటికి పనిలేకపోతే తొక్క తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. కరిగాక ఊరిన రసం పారబోయకండి, దానిలోనే వాసన ఉంది. గుజ్జుతో కలిపే తూచండి. కాస్త మైదా ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: గుడ్డు వేస్తే ఇంకా గుల్లగా వస్తాయా?

జవాబు: వస్తాయి, కాని కేకులా అయిపోతాయి. మెత్తగా, కొంచెం బరువుగా ఉండటమే వీటి పద్ధతి.

ప్రశ్న: మర్నాటికి మెత్తబడుతున్నాయి.

జవాబు: లోపలి అరటి తడి మెల్లగా పై పొరకు చేరుతుంది, దాన్ని ఆపలేం. వేడిగా ఉండగా డబ్బాలో మూస్తే ఆవిరికి ఇంకా త్వరగా మెత్తబడతాయి. జల్లెడ మీద పూర్తిగా చల్లారనివ్వండి. మర్నాడు ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు పెడితే పై పొర మళ్ళీ గట్టిపడుతుంది. మైక్రోవేవ్ వద్దు.