కుండీలో వెదురు బోన్సాయ్: బెంగళూరు బాల్కనీలో కుదురుతుందా?

కుదురుతుంది. కానీ మర్రి, రావి బోన్సాయ్‌ల లెక్క దీనికి పనికిరాదు. వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి. పిలక ఎంత లావున నేలలోంచి వస్తుందో, ఆ బొంగు జన్మంతా అంతే లావు. ఏళ్లు గడిచినా మాను కట్టదు.

కిటుకంతా పిలక దశలోనే ఉంది. వానాకాలంలో కొత్త పిలక లేవగానే, దాన్ని చుట్టుకున్న పొరల్ని కింది నుంచి ఒక్కొక్కటే, రోజుకొకటి చొప్పున జాగ్రత్తగా ఒలవాలి. అప్పుడు కణుపుల మధ్య దూరం సాగకుండా పొట్టిగా నిలుస్తుంది. తొందరపడితే పిలక పుటుక్కున విరుగుతుంది (నావి రెండు అలాగే పోయాయి). కావలసిన ఎత్తులో కణుపు పైన కోసేస్తే ఆ బొంగు ఇక పెరగదు, పక్క కొమ్మలు వేస్తుంది.

మొదటిసారైతే నర్సరీలో బుద్ధ బెల్లీ వెదురు అడగండి. నేలలో మామూలుగా నిటారుగా పెరిగేదే, ఇరుకు కుండీలో నీళ్లు కాస్త తగ్గిస్తే కణుపుల మధ్య బొజ్జలా ఉబ్బుతుంది. అలాగని మట్టిని పూర్తిగా ఎండనివ్వకండి. రెండేళ్లకోసారి వేర్లు కత్తిరించి కుండీ మార్చాలి.

అన్నట్టు, నీళ్ల గ్లాసులో పెట్టి అమ్మే లక్కీ బ్యాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా.