తిరుపతిలో లాబ్రడార్‌ని పెంచాలంటే ఖర్చెంత? పెట్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా?

పాప పట్టుబట్టిందని లాబ్రడార్ పిల్లని తెస్తున్నామని, నెలకు ఎంతవుతుందో చెప్పమని, ఇన్సూరెన్స్ ఉంటే ఆస్పత్రి ఖర్చు మొత్తం వాళ్లే ఇస్తారా అని అడిగారు. మొత్తం ఇవ్వరండీ. అయినా మీలాంటి వాళ్లకు తీసుకోమనే చెప్తాను. కారణం కింద రాస్తున్నాను. మా ఇంట్లో కూడా లాబ్రడారే, ఆడది, పేరు లక్కీ. తిరుపతిలోనే పుట్టి పెరిగింది.

ముందు నెల ఖర్చు. ఇంటి తిండీ, ప్యాకెట్ తిండీ కలిపి పెడితే మాకు నాలుగైదు వేల మధ్య అవుతోంది. అన్నంలో ఉడికించిన చికెన్, గుడ్డు, కొంచెం క్యారెట్ కలిపి పెడతాం. ఉల్లిపాయ పడిన సాంబారు, కూర మాత్రం వద్దు, అది కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఉడికిన ఎముకలు కూడా వేయకండి, విరిగి పేగులకు గుచ్చుకుంటాయి. మొదటి ఏడాది టీకాల వల్ల ఖర్చు కాస్త ఎక్కువే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. పార్వో అనే వైరస్ జబ్బు వస్తే కుక్కపిల్ల రెండు మూడు రోజుల్లోనే చేయిదాటిపోవచ్చు, కాబట్టి ఈ వరస తప్పనివ్వకండి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద అవగాహన దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు, అది వాడుకోండి.

మన ఊళ్లో అసలు దెబ్బ గోమార్ల (కుక్క ఒంటికి పట్టి రక్తం పీల్చే టిక్స్) దగ్గర పడుతుంది. ఇక్కడ చలి పెద్దగా ఉండదు కాబట్టి అవి ఏడాదంతా బతుకుతాయి, గోడ పగుళ్లలో, పరుపు మడతల్లో గుడ్లు పెడతాయి. వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ ఎంత చెడ్డదో లక్కీని చూశాకే అర్థమైంది. తిండి మానేసింది, ముక్కులోంచి రక్తం వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్త పరీక్షలు, సెలైన్లు, తర్వాత నాలుగు వారాల డాక్సీసైక్లిన్ కోర్సు, మధ్యలో మళ్లీ పరీక్షలు. అన్నీ కలిపి పన్నెండు వేలు దాటింది. గోమార్లు పట్టకుండా వేసే మాత్ర ధర చూస్తే మొదట భయమేస్తుంది. కానీ ఆ జ్వరం ఖర్చు ముందు అదెంత? డాక్టర్‌ని అడిగి, బరువుకు తగ్గ మాత్ర క్రమం తప్పకుండా వేయండి.

ఇక ఇన్సూరెన్స్. చిత్తూరు జిల్లాలో ఆవుల ఇన్సూరెన్స్ తెలియని పాడి రైతు ఉండడు. చెవికి ట్యాగ్ వేస్తారు, ఆవు చనిపోతే డబ్బిస్తారు. కుక్కల పాలసీలు కూడా చాలాకాలం ఆ తీరులోనే, చావుకి పరిహారంగానే ఉండేవి. జబ్బుకి, ఆపరేషన్‌కి డబ్బిచ్చే పాలసీలు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అందుకే మీకు చూపించే పాలసీ ఏ రకమో ముందు కనుక్కోండి. ప్రీమియం తక్కువుందని చావుకి మాత్రమే డబ్బిచ్చేది తీసుకుంటే, ఆస్పత్రి బిల్లు మొత్తం మీ మీదే పడుతుంది.

చికిత్స పాలసీలోనైనా టీకాలు, నులిపురుగుల మందు, పళ్ల శుభ్రం, కు.ని. ఆపరేషన్ మామూలుగా రావు. పాత జబ్బులు రావు. మొదట్లో కొన్ని వారాలు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. లక్కీకి జ్వరం ఆ గడువులోనే రావడంతో మాకు ఏమీ రాలేదు. తర్వాత గర్భసంచిలో చీము పట్టి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం బిల్లులో ఎక్కువ భాగం వచ్చింది. ఏడాదికి నాలుగు వేల పైచిలుకు కట్టిన ప్రీమియం ఆ ఒక్కసారికే గిట్టుబాటైంది. డబ్బు కంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. డాక్టర్ గారు 'వెంటనే చేయాలి' అన్నప్పుడు మా ఆయనా నేనూ లెక్కలు వేసుకుంటూ నిలబడలేదు, సరే అనేశాం. ఆడ కుక్కపిల్లని తెస్తుంటే కు.ని. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టర్‌తో మాట్లాడండి, అది చేయిస్తే ఈ చీము బెడద దాదాపు ఉండదు.

క్లెయిమ్ ఎక్కువగా ముందు మనం కట్టి తర్వాత తెచ్చుకోవడమే. బిల్లు మీద కుక్క పేరు, జబ్బు పేరు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా అప్పుడే రాయించుకోండి. మందుల షాపు చీటీ ఒక్కటీ పెడితే తిప్పి పంపేస్తారు. మన కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే ఖర్చుకి కవర్ ఉందో లేదో కూడా అడగండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అది తప్పకుండా ఉండాలి.

ఇక్కడ మనకున్న పెద్ద అండ వెటర్నరీ కాలేజీ. 1955లో పెట్టిన ఆ కళాశాల ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. ఎక్స్‌రే, స్కానింగ్, ఆపరేషన్లు ప్రైవేటు కంటే బాగా తక్కువలో అయిపోతాయి. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.

మీ బడ్జెట్ నెలకు ఆరు వేలైతే, ఐదు వేలు తిండికీ మందులకూ పెట్టుకుని, మిగతా వెయ్యి ప్రీమియానికీ, ఇన్సూరెన్స్‌లో రాని ఖర్చులకూ ఉంటుందని పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. మొదటి టీకాలు అవగానే కార్డు పట్టుకుని ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఎలాగూ ఆ కార్డే ముందు అడుగుతారు. వయసు పెరిగేకొద్దీ కొత్త పాలసీ దొరకడం కష్టం, కాబట్టి చిన్నప్పుడే మొదలుపెట్టి ఏటా గడువులోపే రెన్యువల్ చేయించండి. పాలసీ కాగితాలు చూసి ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.