విశాఖ చెమ్మలో తుమ్ములు తగ్గాలంటే ఇల్లు ఎలా శుభ్రం చేసుకోవాలి?

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ లేని తుమ్ములు వైజాగ్ వచ్చాక పట్టుకున్నాయని, రోజుకు రెండుసార్లు ఊడ్చి తడిగుడ్డ పెడుతున్నా పొద్దున లేవగానే ముక్కు కారుతోందని రాశారు. మా ఇంట్లోనూ ఇదే గోలండి. మా అబ్బాయికి కళ్లు తెరవకముందే తుమ్ములు మొదలయ్యేవి. ఏది పడదో చూసే చర్మ పరీక్ష చేయిస్తే డస్ట్ మైట్స్ అనే దుమ్ము పురుగులు పడవని తేలింది. మందుల సంగతి డాక్టరుకే వదిలేసి, శుభ్రం విషయంలో మాకు పనికొచ్చినవి చెబుతాను.

మన ఊళ్లో దుమ్ము కంటే చెమ్మతోనే పెద్ద తంటా. డస్ట్ మైట్ కంటికి ఆనదు, అర మిల్లీమీటరు కూడా ఉండదు. మన ఒంటి మీద నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగే పని లేదు, గాలిలోని తేమనే ఒంట్లోకి లాక్కుంటుంది. తేమ 50 శాతం లోపుకి దిగి కొన్నాళ్లు అక్కడే ఉంటే ఎండిపోయి చస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో అది జరుగుతుంది. మనకు సముద్రం పక్కనే ఉండగా ఎక్కడ జరుగుతుంది? ఏడాదిలో చాలా భాగం తేమ 70 శాతం అటూఇటూ ఉంటుంది, వానాకాలంలో ఇంకా పైకి పోతుంది. ఇల్లంతా ఆరబెట్టడం మన వల్ల కాదు కాబట్టి పడకగది ఒక్కదాన్ని పట్టుకోండి. రాత్రంతా ముక్కు ఉండేది అక్కడే కదా.

పరుపు, దిండ్లు ముందు చూసుకోండి. దూది అయినా కొబ్బరిపీచు అయినా ఫోమ్ అయినా తేడా లేదు, అన్నిట్లోనూ మైట్లు చేరతాయి. నాలుగు వైపులా మూసుకుపోయేలా జిప్ ఉన్న, నేత బాగా దగ్గరగా ఉన్న తొడుగులు దొరుకుతాయి. పైన మాత్రమే పరిచే ఎలాస్టిక్ షీట్ దీనికి పనికిరాదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. మెషిన్‌లో హాట్ ప్రోగ్రామ్ లేకపోతే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతికేయండి. మా అత్తయ్యగారు పరుపు డాబా మీద ఎండలో వేస్తే చాలంటారు. ఎండ మంచిదే, పరుపు ఆరుతుంది, పురుగులు కొన్ని చస్తాయి. కానీ మనకు పడనిది ముఖ్యంగా వాటి రెట్ట. పురుగు చచ్చినా ఆ రెట్ట పరుపులోనే ఉంటుంది. అందుకని ఎండేశాక బెత్తంతో బాగా దులపాలి, అదీ తుమ్ములున్న మనిషి డాబా మీద లేనప్పుడు.

వేడి నీళ్లలో ఉతకలేని మెత్తటి బొమ్మల్ని కవర్లో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఉతకొచ్చు. మా ఫ్రీజర్‌లో చేపల పక్కన దూది ఏనుగు కనబడితే చుట్టాలు ఒకలా చూస్తారు, చూడనివ్వండి.

ఇక మీ తడిగుడ్డ. పొడి చీపురు కంటే అదే నయం, దుమ్ము లేవదు. కాకపోతే ముసురు పట్టిన రోజున కిటికీలన్నీ మూసి నీళ్లోడుతున్న గుడ్డతో తుడిస్తే ఆ నీళ్లన్నీ గదిలోని గాలిలోకే పోతాయి. గుడ్డ గట్టిగా పిండి తుడిచి, ఆరేదాకా ఫ్యాన్ వేసి ఉంచండి. బట్టలు పడకగదిలో ఆరేయకండి. ఫ్యాన్ రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్మంతా అందులోకే పోతుంది, మంచం మీద రాలదు. ఊడ్చినా దులిపినా అరగంట దాకా తుమ్ములున్నవాళ్లను ఆ గదిలోకి రానివ్వొద్దు. మైట్ల తాలూకు నలుసులు బరువైనవి, ఆపాటికి కిందికి దిగిపోతాయి.

ఏసీ ఉంటే వానాకాలంలో గాలిలో తేమ తీసే డ్రై మోడ్‌లో పెట్టండి. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

బీరువా వెనక ఓసారి టార్చి వేసి చూశారా? వాన కొట్టే బయటి గోడకు ఆనించి ఉంటే అక్కడ నల్లటి చుక్కలు చుక్కలుగా బూజు పట్టి ఉంటుంది, చెమ్మ వాసన వస్తుంది. కొందరికి ఇదీ పడదు. బీరువాను బెత్తెడు ముందుకు జరిపి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్లతో రుద్ది ఆరనివ్వండి. బాత్రూమ్ టైల్స్‌కైతే బ్లీచింగ్ వాడొచ్చు. దాన్ని టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. పైన ట్యాంకు కారుతోందా, కిటికీ అంచు నుంచి నీరు దిగుతోందా చూసి అది బాగుచేయించకుండా పెయింటు వేయిస్తే డబ్బు దండగ, మళ్లీ వానలకు పెచ్చులూడుతుంది.

వంటింట్లో బొద్దింకలుంటే వాటి రెట్ట కూడా ఎలర్జీ తెప్పిస్తుంది. స్ప్రే ఘాటుకి ఆయాసం పెరగొచ్చు, జెల్ చుక్కలు నయం. సాంబ్రాణి, దోమల చుట్ట పొగ కూడా పడకగదిలో వద్దు. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎయిర్ ప్యూరిఫైయర్ కొనాలా అని కూడా అడిగారు. మైట్లకే అయితే నేను కొననండి. ఆ నలుసులు గాలిలో తేలేది కాసేపే, మిగతా సమయమంతా పరుపులోనే ఉంటాయి. ఆ డబ్బుతో ఇంట్లో అందరి దిండ్లకూ పరుపులకూ తొడుగులు వస్తాయి. ఇంకా మిగిలితే తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొని మంచం పక్కన పెట్టుకోండి, ఏ రాత్రి ఏసీ వేయాలో అదే చెబుతుంది.